నాలుగో పెట్టె పచ్చబడింది

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి పాచక్క నాలుగో పెట్టె మీది గాజు పలకని ఒక పక్కకి జరిపి, భూతద్దం కంటికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి వంగింది. నోటి ఆవిరి తగిలితే అద్దం మసకబారుతుంది. పైగా నోట్లోంచి ఏ బూజు ఎగిరి మట్టిలో పడుతుందో ఎవరికి తెలుసు? పెట్టె తెరిచినప్పుడు నోరు మూసుకోవాలన్నది ఆ గదిలో పదకొండేళ్లుగా ఆమె పాటిస్తున్న నియమం.

రెండు నిమిషాలు చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ మొదటినుంచి చూసింది.

ఫెర్న్ మొక్కకి పువ్వుండదు, కాయుండదు, గింజుండదు. ఆకు వెనక చుక్కలు చుక్కలుగా గోధుమరంగు పొడి పుడుతుంది. పుస్తకాల్లో సిద్ధబీజాలంటారు గాని ఆ గదిలో అందరూ దాన్ని పొడి అనే అంటారు. ఆ పొడిని ఉడికించిన మట్టి మీద దులిపి, గాజు మూసి, వెలుగు, తడి, చల్లదనం మూడూ కుదిరేలా చూసుకుంటూ కూర్చుంటే, నెలకో రెండు నెలలకో మట్టి మీద పాచిలాంటిది లేస్తుంది. తెలియనివాళ్లయితే గోకి పారేస్తారు. భూతద్దం పెట్టి చూస్తే అది పాచి కాదు, పెసరబద్దలో సగం కూడా లేని ఆకులు. పాచక్క వాటిని చిట్టాకులు అంటుంది. అసలు మొక్క ఆ చిట్టాకు కిందే పుడుతుంది. పగలంతా పాచికి కాపలా కాసే మనిషి కాబట్టి ఆమెకి పాచక్క అని పేరు పడిపోయింది. జీతం చీటీ మీద తప్ప ఆమె అసలు పేరు ఎవరూ వాడరు, ఆమెతో సహా.

కిటికీ పక్కన పాచక్క చూసే నాలుగు, రీసెర్చికి వచ్చిన అమ్మాయి చల్లబరిచే బీరువాలో పెట్టుకున్న నాలుగు, ఈ ఎనిమిది పెట్టెల్లో చల్లింది మామూలు పొడి కాదు. జలపాతం పక్కన ఒకే ఒక్క సున్నపురాతి బండ మీద పెరిగిన ఫెర్న్ అది. ఆ బండని క్వారీవాళ్లు పేల్చేశారు. ఈ పరిశోధన తోటలో మిగిలిన ఒక్క తల్లిమొక్కా పోయిన ఎండలకి మాడిపోయింది. పోతూ పోతూ అది ఇచ్చింది ఒక్క కాగితం పొట్లం. పొట్లంలో ఉన్నదంతా పెట్టెల్లో దులిపేశారు. ఇక ఎక్కడా లేదు.

దాన్ని గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుంది. ఆ తల్లిమొక్కని మొలిపించిన ముసలి మాస్టారు రిటైరయ్యేముందు పాచక్కకి భూతద్దంలో చూపించి ఒకటే నవ్వాడు. "చూడమ్మా, మిగతావన్నీ నున్నటి గడ్డంతో పుడతాయి. ఇదొక్కటే గడ్డం పెంచుకుని పుడుతుంది!" చిట్టాకు అంచు చుట్టూ సన్నటి నూగు. మామూలు కంటికి ఆనదు.

మొదటి మూడింట్లో ఇంకా మట్టే గాని, నాలుగో పెట్టెలో వందల చిట్టాకులున్నాయి. ఆమె ఈ మూల నుంచి ఆ మూలకి మూడుసార్లు వెతికింది. ఒక్కదానికీ గడ్డం లేదు.

నడుం ఎత్తి నిలబడేసరికి ఆమె చూపు సరిగ్గా తలపైన కిటికీ మీద పడింది. అక్కడ పిడి విరిగిన కప్పులో గోడఫెర్న్ మొక్క వేలాడుతోంది. తూముల పక్కన, పాత గోడల పగుళ్లలో ఎవరూ నాటకుండానే మొలిచే రకం. కప్పు ఆమెదే. మొక్కా ఆమెదే. ముచ్చటపడి తెచ్చి కట్టుకుంది. పాచక్క స్టూలెక్కి ఒక ఆకుని తిరగేసి వేలితో రాసింది. వేలికి గోధుమరంగు పొడి అంటింది. దాని కిందే నిలబడి రోజుకి రెండుసార్లు గాజు తెరిచి, నాలుగో పెట్టెకి మాత్రం ఇంకోసారి ఎక్కువగా, తడి చల్లుతూ వచ్చింది తను. పొడి దులిపేరోజు ఫ్యాను ఆపాలి, మోచేతుల దాకా కడుక్కోవాలి, ఫెర్న్‌ల షెడ్డులోంచి తిన్నగా ఈ గదిలోకి రాకూడదు అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ పాఠం చెప్పేది ఆమే. దీపం కింద చీకటి అంటే ఇదే మరి.

అప్పుడే తలుపు తోసుకుని డైరెక్టరుగారు వచ్చాడు. వెనకే రీసెర్చమ్మాయి.

"ఇదిగో, ఇదీ సంగతి!" అన్నాడాయన గాజు మీంచే ఫొటో తీసుకుంటూ. ఆయన ఏ రోజూ భూతద్దం పట్టిన పాపాన పోలేదు. "పచ్చబడింది! శుక్రవారం కమిటీ ముందు ఈ పెట్టె పెడతాం. ఏమ్మా పాచక్కా, నీ పర్మనెంటు కాగితం కూడా ఆ రోజే కమిటీ ముందుకెళ్తుంది. పదకొండేళ్లకి నీ రోజొచ్చింది."

పాచక్క స్టూలు మీంచి దిగింది, అంతే.

ఆయన రీసెర్చమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం నాలుగు పెట్టెలు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నావు. పద్దెనిమిది డిగ్రీలన్నావు, మసక వెలుతురన్నావు, మట్టిలో సున్నపురాయి పొడన్నావు. పదివారాల తర్వాత నాకు చూపించిందేమిటి? మట్టి! అంత చదువూ చదివి మట్టి చూపించావు. ఈవిడ కిటికీ పక్కన పెట్టి నీళ్లు చల్లింది, మొలిచింది."

"సార్, ఆ ఫెర్న్ చల్లటి రాతి నీడలో..."

"ఆ రాయే లేదమ్మా ఇప్పుడు. గురువారానికి నీ పెట్టెలు ఖాళీ అయిపోవాలి. బీరువా శుక్రవారం సాయంత్రం పక్క డిపార్టుమెంటువాళ్లు పట్టుకెళ్తారు. నీ గడువు కూడా శుక్రవారంతో సరి."

ఆ పిల్ల చేతిలో నోటుపుస్తకం అంచు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. తడి చల్లే సీసా పట్టుకుని పాచక్క గోడకి అతుక్కుపోయి నిలబడింది. ఆ తిట్లలో సగం తన మూలాన పడుతున్నవేనని ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. తెలిసీ కుక్కిన పేనులా ఊరుకుంది. వాళ్లు వెళ్లాక కప్పు విప్పి, మొక్కని మరిగే నీళ్ల బకెట్లో ముంచేసింది.

ఇంట్లో ఆమె మొగుడు దర్జీ. ఏడాదిగా అతని కళ్లకి మసక కమ్ముతోంది. మిషను కుట్టు చేతి అలవాటుతో నడిచిపోతోంది గాని సూదిలో దారం ఎక్కించడం మాత్రం అతని తరం కావడం లేదు. అందుకని పొద్దున్నే పనికి బయల్దేరేముందు పాచక్క ఏడు సూదులకి ఏడు రంగుల దారాలు ఎక్కించి, పాత గుడ్డముక్కకి గుచ్చి, అతని చేతికందేలా పెట్టి వెళ్తుంది. కంటి వెనక పొర దెబ్బతింటోందనీ, ఆలస్యం చేస్తే ఉన్న చూపూ పోతుందనీ పెద్దాసుపత్రి డాక్టరు చెప్పి ఆరునెలలైంది. పర్మనెంటు ఉద్యోగుల కుటుంబాలకి అక్కడ వైద్యం కార్డు మీద జరిగిపోతుంది. టెంపరరీ వాళ్లకి కార్డు లేదు. అతని చూపు అంతా ఆ ఒక్క కాగితం మీద ఆగి ఉంది.

మంగళవారం పొద్దున దారాలు ఎక్కిస్తుంటే ఒకే సూదికి రెండుసార్లు దారం తప్పింది.

"ఏమే, పర్మనెంటు మనిషివి! ఇంకా నాకు దారాలెక్కిస్తున్నావా?" అన్నాడు దర్జీ హుషారుగా. "వచ్చే నెలకి నేనే ఎక్కించుకుంటాను చూడు. ఆ తర్వాత నీ మొహం కూడా సరిగ్గా చూస్తాను. ఇన్నాళ్లూ మసగ్గా కనపడబట్టి బతికిపోయావు."

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే సంబరం," అంది పాచక్క. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

ముందు రాత్రంతా కంటికి కునుకు లేదామెకి. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. నాలుగు రోజులు కళ్లు మూసుకుంటే చాలు, మొగుడి కళ్లు తెరుచుకుంటాయి. కానీ ఆ తర్వాత? కమిటీ తూముల పక్క కలుపుమొక్కని అపురూపంగా పెంచి కొండమీద నాటి వస్తుంది. ఆ పిల్ల చేతగానిదని ముద్ర వేయించుకుని పోతుంది. ఇలా తిప్పి అలా తిప్పి ఆలోచించి, చివరికి మంగళవారం పొద్దున పదకొండు గంటలకి ఆమె డైరెక్టరుగారి గది తలుపు తట్టింది.

"అయ్యా, నాలుగో పెట్టెలో మొలిచింది మనది కాదండి. గోడఫెర్న్."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఎవరన్నారు?"

"గడ్డం లేదండి వాటికి. మాస్టారు చూపించారు నాకు, ఈ రకానికి అంచున నూగుండాలి. కిటికీలో నా కుండీ ఉండేది. దాని పొడి పడింది. తప్పు నాదేనండి."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. కోప్పడితే ఆమెకి కాస్త తేలికయ్యేదేమో. ఆయన మెత్తగా మాట్లాడాడు.

"నీకు మైక్రోస్కోపు చదువు ఎప్పుడొచ్చిందమ్మా? సరే, నువ్వన్నదే నిజమనుకో. శుక్రవారం దాటనీ. తర్వాత తీరిగ్గా చూసుకుందాం. ఈ తోటకి వచ్చే ఏడాది ఉంటుందో లేదో ఆ కమిటీ తేలుస్తుంది. పచ్చగా ఏదో ఒకటి కనపడాలి వాళ్లకి. నీ కాగితం కూడా అదే ఫైల్లో ఉంది, గుర్తుందిగా?"

"ఉందండి."

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇంకెవరితోనూ అనకు."

పాచక్క బయటికొచ్చింది. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక నా బాధ్యత తీరింది అనుకోవడానికి ప్రయత్నించింది. తీరలేదు. గోరుచుట్టు మీద రోకలిపోటులా, ఇప్పుడు ఆ రహస్యంలో ఆయన వాటా కూడా ఆమే మోయాలి.

బుధవారం రీసెర్చమ్మాయి వచ్చి బీరువా తాళంచెవి బల్లమీద పెట్టింది. ఐదు నుంచి ఎనిమిది దాకా పెట్టెలు మరిగిన నీళ్లు పోసి పారబోయవచ్చునని చీటీ రాసి సంతకం పెట్టింది. మొలవని మట్టిలోని బూజు మిగతా మొక్కలకి అంటకుండా అది అక్కడి పద్ధతి. సంతకం పెడుతున్నప్పుడు పెన్ను రెండుసార్లు ఆగింది.

"అమ్మా, ఒక్కమాట," అంది పాచక్క గొంతు తగ్గించి. "నాలుగోది మన ఫెర్న్ కాదు. గోడఫెర్నమ్మా అది."

ఆ పిల్ల ఆమె వైపు చూసింది. తర్వాత నవ్వింది, ఏడుపు కన్నా అన్యాయంగా ఉంది ఆ నవ్వు.

"నన్ను ఓదార్చడానికి అలా చెప్పక్కర్లేదు పాచక్కా. మీరు మంచివాళ్లు. నా మీద జాలితో మీ పోస్టు పాడుచేసుకోకండి."

"జాలి కాదమ్మా, ఒక్కసారి మీరే చూడండి..."

"నేనా పెట్టె మొహం చూడలేను. పదివారాల నుంచి నా బోడిమట్టి చూస్తూనే ఉన్నాను, రోజూ. శుక్రవారం వచ్చి రిలీవింగ్ లెటరు తీసుకుని వెళ్లిపోతాను." సంచి భుజానికి తగిలించుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

నిజం చెబుదామని బయల్దేరిన మనిషికి వినే నాథుడు లేకపోవడం పాచక్కకి కొత్త. ఒళ్లు మండిపోయింది. వీళ్ల చదువులు తగలెయ్య, కళ్లజోళ్లు తప్ప కళ్లు లేవు వీళ్లకి అని సీసాల బల్లతో పోట్లాడింది.

గురువారం మధ్యాహ్నం నీళ్లు మరగబెట్టింది. బీరువా తెరిస్తే చల్లటి గాలి మొహానికి కొట్టింది. ఐదో పెట్టె తీసి గాజు ఎత్తింది. బూడిదరంగు బూజు తప్ప ఏమీ లేదు. అయినా భూతద్దం పెట్టి ఒకసారికి రెండుసార్లు చూసి, అప్పుడు నీళ్లు పోసింది. మట్టి బుస్సుమని పొగలు చిమ్మింది. ఆరోదీ అంతే. ఒకసారి, రెండోసారి చూసింది, పోసింది. ఏడో పెట్టె ఎత్తి బల్లమీద పెట్టి, ఒక చేత్తో కెటిల్ పట్టుకునే వంగింది. బోడిమట్టి. చిన్న చిన్న సున్నపురాయి పలుకులు తెల్లగా మెరుస్తున్నాయి. భూతద్దం జరిపింది. ఒక పలుకు నీడలో, తడి చెమ్మ కింద, పచ్చటి చుక్క.

కెటిల్ కింద పెట్టేసింది. చేతులు చీర చెంగుకి తుడుచుకుంది. మళ్లీ వంగింది.

దారం ముక్కలా ఉన్నది ఒకటి. దాని పక్కన చెంచా ఆకారంలో వెడల్పవుతున్నది ఇంకొకటి. ఆ వెడల్పు అంచున, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టెని కొద్దిగా తిప్పితే, సన్నగా, తెల్లగా, నూగు. ఇటు పక్కన ఇంకోటి. అది కూడా గడ్డంతోనే.

"వచ్చావా తల్లీ," అంది పాచక్క పైకే. నోరు మూసుకోవాలన్న సంగతే మరిచిపోయింది. స్టూలు మీద కూలబడింది. ఆ పిల్ల అన్నవన్నీ నిజమే. చల్లదనం నిజం, నీడ నిజం, సున్నం నిజం. తొందరే లేదు దానికి, తన తీరిక కొద్దీ మొలుస్తోంది. రేపు సాయంత్రం ఈ బీరువా వెళ్లిపోతే బయటి వేడిలో రెండు రోజులుండదు. మాడిపోతుంది.

ఎనిమిదో పెట్టెలో ఏమీ కనపడలేదు. దాని మీదా నీళ్లు పోయలేదు. రెండూ బీరువాలో పెట్టి తాళం వేసి, రీసెర్చమ్మాయికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేసింది. ఎత్తలేదు.

సాయంత్రం మొగుడికి అంతా చెప్పేసింది. కుండీ, గడ్డం, డైరెక్టరుగారి మెత్తటి మాటలు, ఏడో పెట్టె, అన్నీ. అతను కత్తెర పక్కన పెట్టి విన్నాడు.

"ఇందులో ఇంత ఇదైపోవడానికేముందే? ఏడోది దాచెయ్. శుక్రవారం కాగితం చేతికి రానీ. సోమవారం తీసుకెళ్లి ఆ అమ్మాయి చేతిలో పెట్టు. పామూ చావదు, కర్రా విరగదు."

"బీరువా రేపే పోతుంది. చల్లదనం లేకపోతే బతకదు. ఆ అమ్మాయి ఊరు దాటిపోతుంది. కమిటీవాళ్లు ఆ నాలుగోది చూసి మురిసిపోయాక గదంతా వేడిగానే ఉంచమంటారు. ఇక సోమవారానికి ఏం మిగుల్తుంది?"

"నీ గడ్డాల సంగతి నాకు తెలీదు," అన్నాడు దర్జీ. "నా కళ్ల సంగతి నాకు తెలుసు. నిన్న చొక్కాకి మెడ తిరగేసి కుట్టాను. ఆ కుర్రాడు ఏమీ అనకుండా పట్టుకుపోయాడు. అనుంటే బాగుండేది."

ఇద్దరూ పక్కలు వేసుకుని చెరోవైపు తిరిగి పడుకున్నారు.

శుక్రవారం పొద్దున పాచక్క అందరికన్నా ముందొచ్చింది. బల్లమీద తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మధ్యలో నాలుగో పెట్టె, చుట్టూ బొమ్మలూ పటాలూ. గాజు మీద పొద్దుటి వెలుగు పడి లోపలి పచ్చదనం కంటికి చల్లగా ఉంది. అందంగానే ఉంది మరి. గోడఫెర్న్ అయితే మాత్రం అందం ఉండదా? తన చేత్తో తడిపి పెంచింది. ఇవాళ్టికి దీన్నిలా ఉండనిచ్చి, వాళ్లు వెళ్లాక చెబితే? లేదా వాళ్లొచ్చాక అందరి ముందూ చెబితే? అప్పుడు ఆ పెద్దవాళ్లు నవ్వుతూ పలకరిస్తారు, డైరెక్టరుగారు కాగితం చేతికిస్తారు, తను నీళ్లు నములుతుంది. తన సంగతి తనకి తెలుసు. సోమవారం గోడకి అతుక్కుపోయి నిలబడింది తనే కదా. ఈ పచ్చదనం బల్లమీద ఉన్నంతసేపూ వాళ్లూ ఇంకో పెట్టె చూడరు, తనూ నోరెత్తదు.

కెటిల్‌లో నీళ్లు మరిగాయి. ఆమె గాజు పలక తీసి పక్కన పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకి నిదానంగా, ఒక్క అంగుళం వదలకుండా పోసింది. చిట్టాకులు ఒక్కసారి ముదురుపచ్చగా మెరిసి, గోధుమరంగుకి తిరిగి, మట్టికి అతుక్కుపోయాయి. ఆవిరి మొహాన కొట్టి కళ్లు మండాయి. ఇక వెనక్కి తిరగడానికి లేదు. భయంతో చేతులు చల్లబడిపోయాయి గాని, నాలుగు రోజుల తర్వాత ఊపిరి మాత్రం నిండుగా ఆడింది.

నాలుగో పెట్టె తీసేసి, ఆ స్థానంలో ఏడో పెట్టె పెట్టింది. పక్కనే మైక్రోస్కోపు తెచ్చి పెట్టింది.

పదిన్నరకి కమిటీ వచ్చింది. ముగ్గురు. అందులో పెద్దావిడకి జుట్టంతా తెల్లబడి ఉంది, చేతిలో చిన్న పుస్తకం. డైరెక్టరుగారు మాట్లాడుతూ మాట్లాడుతూ వచ్చి, బల్ల మీద బోడిమట్టి చూసి ఆగిపోయాడు. సరిగ్గా అదే సమయానికి లెటరు కోసం వచ్చిన రీసెర్చమ్మాయి గుమ్మంలో నిలబడిపోయింది.

"నాలుగో పెట్టె ఏది?" అన్నాడాయన, నవ్వు మొహం అలాగే ఉంచుకుని.

"మరిగిన నీళ్లు పోసేశానండి."

పెద్దావిడ ముందుకొచ్చింది. "ఎందుకమ్మా?"

"అది గోడఫెర్నండి. నా కుండీలోంచి పొడి పడింది. కుండీ ఇక్కడికి తెచ్చుకున్నది నేనే, తప్పు నాదే. మనది ఇదిగో, ఈ మేడమ్ పెట్టెలో ఉంది. మీరే చూడండి."

"అది ఖాళీ పెట్టె! నిన్న పారబోయమన్నది..." అని డైరెక్టరుగారు అంటూనే ఉన్నాడు. పెద్దావిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసి మైక్రోస్కోపు మీదికి వంగింది. చాలాసేపు లేవలేదు.

లేచి రీసెర్చమ్మాయిని పిలిచింది. "నువ్వేనా మేడమ్? రా, చూడు."

ఆ పిల్ల వచ్చి వంగింది. పెట్టెని అంగుళం అంగుళం జరుపుతూ లెక్కపెట్టసాగింది. ఒకటి, రెండు అనే మాటలు మొదట వినపడ్డాయి. ఐదు తర్వాత పెదవులు మాత్రమే కదిలాయి. చివరికి లేచి, అందరినీ వదిలేసి పాచక్క వైపు తిరిగింది.

"పదకొండు," అంది. "పారబోయమని సంతకం పెట్టింది నేను. ఈవిడ పొయ్యలేదు."

ఆ తర్వాతంతా చకచకా జరిగిపోయింది. రీసెర్చమ్మాయికి ఇంకో ఏడాది గడువు ఇచ్చారు. బీరువా కదలకూడదన్నారు. డైరెక్టరుగారు ఆరితేరిన మనిషి. మా దగ్గర పొరపాటు జరిగితే మేమే పట్టుకుంటాం, మేమే తుడిచేస్తాం, అదీ మా పద్ధతి అని కమిటీకి వివరిస్తూ వాళ్లని టీకి తీసుకెళ్లాడు. పెద్దావిడ పుస్తకంలో ఏదేదో రాసుకుంది.

మధ్యాహ్నం ఆయన పాచక్కని పిలిపించాడు. బల్లమీద ఆమె కాగితం ఉంది, మీద అడ్డంగా ఒక గీత.

"నేను చేసేదేం లేదమ్మా. బయటి మొక్క గదిలోకి తెచ్చి ప్రయోగం చెడగొట్టానని కమిటీ ముందు నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. అది రికార్డులోకెక్కింది. రికార్డులో తప్పున్న మనిషిని మూడేళ్ల దాకా పర్మనెంటు చెయ్యకూడదు. ఆ పెద్దావిడ కూడా అదే చెప్పింది, పాపం బాధపడుతూనే చెప్పింది. మంగళవారం నేనేమన్నాను?"

"మాట్లాడొద్దన్నారండి."

"మరి?"

పాచక్క ఆయన ముందు ఏడవకూడదని పంతం పట్టి, ఏడవకుండానే బయటికొచ్చింది. మెట్ల దగ్గర రీసెర్చమ్మాయి ఎదురైంది. పాచక్క రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి.

ఇంటికి చేరేసరికి వీధిదీపాలు ఇంకా వెలగలేదు. దర్జీ మిషను మీద ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"పిచ్చిదానా!" అన్నాడతను మిషను ఆపి. "పెట్టె చూపించావు, సరే. కుండీ సంగతి ఎవడు చెప్పమన్నాడు నిన్ను? ఎలక తెచ్చిందనలేకపోయావా?"

"ఎలక పొడి చల్లుతుందా?"

"వాళ్లకేం తెలుసు?"

"ఆ కమిటీ పెద్దావిడకి తెలుసయ్యా. చెప్పకపోతే నాలుగోది ఎందుకు మొలిచిందో ఎవరికీ అర్థంకాదు. మళ్లీ వేడిగదిలో పెడతామంటారు."

అతను కాలితో మిషను తొక్కాడు. కుట్టు వంకరపోయింది. తడిమి చూసుకుని, దారం తెంపి, ఊడదీశాడు. మళ్లీ కుట్టాడు. అదీ వంకరగానే పోయింది. చాలాసేపు కుట్టడం, ఊడదీయడం అదే పనిగా సాగింది. ఆమె మోకాళ్ల మీద తల ఆనించుకుని వింటూ కూర్చుంది.

"ఎన్ని తేలాయి చివరికి?" అన్నాడు అతను తల ఎత్తకుండానే.

"పదకొండు."

"పదకొండేనా!" అన్నాడు. "అన్నీ కలిపి?"

"ఈ భూమ్మీద అన్నీ కలిపి అంతే," అంది పాచక్క. పొద్దుట్నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. మొహం కప్పుకోకుండా, చిన్నపిల్లలా బావురుమంది.

దర్జీ లేచి, బల్ల అంచు తడుముకుంటూ వెళ్లి, గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఆమె చెయ్యి ఎక్కడుందో వెతికి అందించాడు. పక్కన చతికిలబడ్డాడు.

"రేపు సెలవేనా?"

"సెలవే. అయినా వెళ్లాలి. తడి చూసుకోవాలి వాటికి."

"నన్ను కూడా తీసుకెళ్లు," అన్నాడు దర్జీ. "ఆ భూతద్దం మిషనులో పెట్టి చూస్తే పెద్దగా కనపడతాయన్నావుగా. ఈ చూపు ఉండగానే ఒకసారి చూస్తాను."